భయపడితే నోరెందుకు ఎండుతుంది? లాలాజల గ్రంథి కణాలపై రెండు నరాల పని

అలిపిరి నుంచి తిరుమలకు నడిచే దారిలో మామిడికాయ ముక్కలమ్మే చోట రెండు నిమిషాలు నిలబడితే లాలాజల గ్రంథుల సంగతి సగం తెలిసిపోతుంది. పచ్చి తోతాపురి కాయను పొడుగ్గా చీరి, ఉప్పూ కారం అద్ది చేతికిస్తారు. 3,550 మెట్లలో ఇంకా సగం కూడా ఎక్కకుండానే ఆయాసపడుతున్న మనిషికి అప్పటికే నాలుక పిడచగట్టుకుపోయి ఉంటుంది. ముక్క కొరగ్గానే చెవి కింద చిన్నగా గుంజినట్టవుతుంది, ఆ వెంటనే నోరంతా తడి. అదే దారిలో చీకటి పడే వేళ పొదలో ఏదో కదిలిందనుకోండి. 2023లో చిరుత దాడుల తర్వాత నడక భక్తులకు చేతికర్రలిచ్చి పంపిన సంగతి కూడా అప్పుడే గుర్తొచ్చిందనుకోండి. ఇందాక ఊరిన నోరే మళ్లీ ఎండిపోతుంది.

ఊరిందీ ఎండిందీ అవే గ్రంథులు. వాటిమీద మన పెత్తనం చెల్లదు. ఎత్తమంటే చేయి లేస్తుంది కానీ ఊరమంటే ఉమ్మి ఊరదు. గుండెను, పేగులను, చెమట గ్రంథులను నడిపే స్వయంచోదిత నాడీ వ్యవస్థే వీటినీ నడుపుతుంది. అందులో సింపథెటిక్, పారాసింపథెటిక్ అని రెండు శాఖలు. ఒకటి యాక్సిలరేటర్, రెండోది బ్రేకు అని ఇంటర్ రోజుల నుంచీ చెబుతూ వస్తారు. గుండె వరకూ ఆ పోలిక బాగానే నప్పుతుంది. లాలాజలం దగ్గరికొచ్చేసరికి కూడా అదే ఊపులో, పారాసింపథెటిక్ ఉమ్మిని పెంచుతుంది, సింపథెటిక్ తగ్గిస్తుంది అని పట్టిక గీసేస్తారు. పరీక్షలో మార్కులైతే పడతాయి. కానీ అందులో రెండో మాట నిలబడదు. గ్రంథి కణం దాకా వచ్చే ఈ రెండు రకాల నరాలూ దాన్ని స్రవింపజేసేవే. ఏ నరం ఏం స్రవింపజేస్తుందన్న దగ్గరే తేడా అంతా.

మనిషికి పెద్ద లాలాజల గ్రంథులు మూడు జతలు. చెవికి ముందు, కాస్త కిందగా ఉండేది పెరోటిడ్. గవదబిళ్లలు వచ్చినప్పుడు వాచేది ఇదే. దవడ ఎముక కింద అధోజంభిక గ్రంథి, నాలుక కింద అధోజిహ్విక గ్రంథి. ఇవి కాక పెదవుల లోపల, బుగ్గల్లో, అంగిట్లో చిన్న చిన్న గ్రంథులు వందల్లో ఉంటాయి. అన్నీ కలిసి రోజుకు అర లీటరు నుంచి లీటరున్నర దాకా స్రవిస్తాయి. ఊరికే కూర్చున్నప్పుడు నిమిషానికి 0.3 నుంచి 0.4 మిల్లీలీటర్లు ఊరుతుంది, అందులో దాదాపు మూడింట రెండొంతులు అధోజంభికదే. పులుపు తగిలితే అది 4, 5 మిల్లీలీటర్లకు చేరుతుంది, అప్పుడు పెరోటిడ్ వాటా సగం దాకా పోతుంది. నిద్రలో దాదాపు ఆగిపోతుంది. రాత్రి పళ్లు తోముకోకుండా పడుకోవద్దని డెంటిస్టులు పదే పదే పోరేది అందుకే.

నాలుక నుంచి మెదడుకు, మెదడు నుంచి గ్రంథికి

పులుపు నాలుకకు తగిలిన కబురు ముఖ నాడి, జిహ్వాగ్రసని నాడి ద్వారా మెదడు కాండానికి చేరుతుంది. నమిలినప్పుడు పంటి చుట్టూ పడే ఒత్తిడి త్రిధార నాడి మీదుగా వెళుతుంది. మెదడు కాండంలో లాలాజలం కోసమే పనిచేసే రెండు నాడీకణ సమూహాలున్నాయి, పైది ఒకటి, కిందది ఒకటి. పై కేంద్రం నుంచి బయల్దేరిన పారాసింపథెటిక్ తంతువులు ముఖ నాడిలో కలిసి, చెవి లోపల కర్ణభేరి వెనకగా పోయే కార్డా టింపాని అనే సన్నటి నరంగా మారి, అధోజంభిక, అధోజిహ్విక గ్రంథులకు చేరతాయి. కింది కేంద్రం తంతువులు జిహ్వాగ్రసని నాడి వెంట వచ్చి, దారిలో ఒక నాడీగ్రంథి (ఒక నరం కబురును ఇంకో నరానికి అందించే ముడి) దగ్గర మారి, పెరోటిడ్‌లోకి వెళతాయి. సింపథెటిక్ దారి దీనికి పూర్తిగా వేరు. ఛాతీ పైభాగంలోని వెన్నుపాములో మొదలై, మెడ పైభాగాన ఉన్న నాడీగ్రంథిలో ఆగి, అక్కడి నుంచి రక్తనాళాల గోడలను పట్టుకుని పైకి పాకి గ్రంథులకు చేరుతుంది.

చిత్తూరు వైపు తిండిలో ఈ మొదటి దారికి మంచి ఉదాహరణ ఉంది. రాగి సంగటిని ఎవరూ పెద్దగా నమలరు. ముద్ద చేసి, పులుసులో ముంచి, గుటుక్కున మింగుతారు. నమలడం వల్ల ఊరాల్సిన ఉమ్మి అక్కడ తక్కువే. ఆ లోటు తీర్చేది పులుసులోని చింతపండు. చింతపండులో టార్టారిక్ ఆమ్లం ఉంటుంది. ఉమ్మిని ఊరించడంలో ఉప్పు, తీపి, చేదు ఏవీ పులుపు ముందు నిలవవు. ముద్ద గొంతులో పట్టకుండా జారేది పులుసు తడి వల్లనే అనుకుంటాం కానీ, ఆ పులుపుకు గ్రంథులు వదిలిన జిగురు నీటికీ అందులో వాటా ఉంది.

మామిడికాయను చూస్తేనే నోరూరుతుందన్న మాటను మాత్రం కొంచెం తగ్గించి తీసుకోవాలి. కుక్కల్లో ఇది గట్టిగా పనిచేస్తుంది. జీర్ణక్రియ పరిశోధనలకు 1904లో నోబెల్ అందుకున్న పావ్లోవ్, తిండి తెచ్చే మనిషి అడుగుల చప్పుడుకే కుక్కలకు చొంగ కారడం గమనించిన కథ అందరికీ తెలిసిందే. మనుషుల్లో గ్రంథి నాళం దగ్గర కొలిచి చూస్తే, చూపుకూ ఊహకూ పెరిగే ప్రవాహం చాలా తక్కువ. కొందరిలో అసలు కనిపించదు. అప్పటికే నోట్లో ఉన్న ఉమ్మి మీదకు మనసు మళ్లడం, తెలియకుండానే నాలుకా బుగ్గలూ కదిపి దాన్ని ముందుకు తెచ్చుకోవడం కూడా ఆ నోరూరడంలో భాగమే. ముక్క నాలుకకు తగిలాక జరిగేదే అసలు వరద.

కణం లోపల

గ్రంథిని సూక్ష్మదర్శినిలో చూస్తే కణాలు గుత్తులు గుత్తులుగా కనిపిస్తాయి. ఒక్కో గుత్తిని ఏసినస్ అంటారు. అందులోని కణాలు అడుగున వెడల్పుగా, కొసన సన్నగా ఉంటాయి. సన్నటి కొసలన్నీ మధ్యలోని సందు వైపు తిరిగి ఉంటాయి. వెడల్పాటి అడుగు రక్తనాళాల వైపు ఉంటుంది. ఉమ్మి తయారీ అంతా ఈ రెండు వైపుల తేడా మీదే నడుస్తుంది.

పారాసింపథెటిక్ నరం కొస నుంచి ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం విడుదలవుతుంది. అది కణం అడుగు వైపున్న మస్కరినిక్ గ్రాహకాలకు (కబురు అందుకునే ప్రొటీన్లకు), ముఖ్యంగా ఎం3 రకానికి, అంటుకుంటుంది. దాంతో కణం పొరలోని ఒక కొవ్వు పదార్థం తెగి ఐపీ3 అనే చిన్న అణువు పుడుతుంది. ఆ ఐపీ3 కణం లోపలి గదుల్లో దాచి ఉన్న కాల్షియాన్ని బయటికి వదిలిస్తుంది. సెకను తిరక్కుండానే కణంలో కాల్షియం కొన్ని రెట్లు పెరుగుతుంది, అదీ ముందుగా సన్నటి కొస దగ్గర. కాల్షియం తగలగానే కొస వైపున్న క్లోరైడ్ ద్వారాలు తెరుచుకుంటాయి. టీఎంఈఎం16ఏ అనే ఈ ద్వారం ఏదో 2008 దాకా తేలలేదు. అప్పుడు మూడు బృందాలు వేర్వేరుగా పట్టుకున్నాయి. క్లోరైడ్ సందులోకి పోతుంది. దాని రుణావేశం లాగడంతో సోడియం కణాల మధ్య నుంచి వెంటపడుతుంది. ఉప్పు చేరిన చోటికి నీరు రావాల్సిందే, ఆక్వాపోరిన్-5 అనే నీటి ద్వారాల గుండా అది వచ్చేస్తుంది. కణం అడుగున ఇంకో పంపు రక్తం వైపు నుంచి క్లోరైడ్‌ను ఎప్పటికప్పుడు లోపలికి తోడుతూ ఉంటుంది, లేకపోతే నిమిషంలోనే సరుకు అయిపోతుంది. ఆక్వాపోరిన్-5 జన్యువు తీసేసిన ఎలుకల్లో లాలాజలం 60 శాతానికి పైగా పడిపోయింది. నీరు దానంతట అది పొరల్లోంచి ఇంకి వస్తుందిలే అనుకోవడానికి ఇక వీల్లేదు.

ఇందులో ఐపీ3 కథ ఎలా బయటపడిందో చెప్పకుండా పోలేం. కేంబ్రిడ్జిలో మైఖేల్ బెరిడ్జ్ ఏళ్ల తరబడి పరిశోధించింది మాంసం మీద వాలే ఈగ లాలాజల గ్రంథి మీద. సన్నటి గొట్టంలాంటి ఆ గ్రంథి మీద సెరటోనిన్ వేస్తే ఉమ్మి కారుతుంది. ఎందుకు కారుతుందని తవ్వుకుంటూ పోతే ఐపీ3 దగ్గరికి దారి దొరికింది. కణంలోని కాల్షియాన్ని వదిలించేది ఐపీ3 అని 1983లో క్లోమ కణాల మీద రుజువు చేశారు. ఈ రోజు మెదడు, గుండె, అండం గురించి రాసే ప్రతి పుస్తకంలోనూ ఆ అణువు ఉంటుంది. ఈగ ఉమ్మి మీద డబ్బు తగలేస్తున్నారని ఆ రోజుల్లో ఎవరైనా అడిగి ఉంటే జవాబు చెప్పడం కష్టమయ్యేది.

ఇక సింపథెటిక్ నరం. అది వదిలేది నోర్ఎడ్రినలిన్ అనే రసాయనం. అది బీటా-1 గ్రాహకానికి తగిలితే కణంలో సైక్లిక్ ఏఎంపీ అనే కబురు మోసే చిన్న అణువు పెరుగుతుంది, ప్రొటీన్ కైనేజ్-ఏ అనే ఎంజైమ్ మేలుకుంటుంది. కణం సన్నటి కొస దగ్గర ప్రొటీన్లు నింపిన రేణువులు ముందే సిద్ధంగా పేర్చి ఉంటాయి. అవి పొరకు అతుక్కుని పగిలి, లోపలి సరుకును సందులోకి ఒంపుతాయి. పెరోటిడ్‌లో ఆ సరుకులో ప్రధానమైనది ఎమైలేజ్, అన్నం మెతుకును బాగా నమిలితే తియ్యబడేలా చేసే ఎంజైమ్. అదే నోర్ఎడ్రినలిన్ ఆల్ఫా-1 గ్రాహకాలకు తగిలి కాల్షియాన్నీ కొంత పెంచుతుంది, కాబట్టి కొద్దిగా నీరూ వస్తుంది. మొత్తంగా చూస్తే పారాసింపథెటిక్ ఉమ్మి పలచగా, ధారగా ఉంటుంది. సింపథెటిక్ ఉమ్మి కొంచెమే, చిక్కగా ఉంటుంది.

రెండూ ఒకేసారి పనిచేస్తే ఒకదాన్నొకటి కొట్టేసుకోవు. సైక్లిక్ ఏఎంపీ వల్ల మేలుకున్న ఎంజైమ్, ఐపీ3 తగిలే గ్రాహకాన్ని మరింత చురుకుగా మారుస్తుంది. అప్పుడు అంతే ఎసిటైల్‌కోలిన్‌కు ఇంకా ఎక్కువ కాల్షియం బయటికొస్తుంది. అలాగే కాల్షియం పెరిగితే రేణువులు పగలడమూ ఎక్కువవుతుంది. మామూలుగా భోంచేసేటప్పుడు కూడా రెండు నరాలూ కలిసే పనిచేస్తాయి. మెట్లెక్కి వచ్చి మామిడి ముక్క కొరికిన మనిషిలో వ్యాయామం వల్ల సింపథెటిక్ అప్పటికే జోరుగా ఉంటుంది, దాని మీద పులుపు పారాసింపథెటిక్‌ను లేపుతుంది. సింపథెటిక్ నిజంగా బ్రేకే అయితే ఆ ముక్కకు నోరు ఊరకూడదు. ఊరుతోంది కదా.

గ్రంథి నుంచి సందులోకి వచ్చిన తొలి ఉమ్మి రక్తద్రవంలా ఉప్పగానే ఉంటుంది. నాళాల్లోంచి పారేటప్పుడు అక్కడి కణాలు సోడియం, క్లోరైడ్‌లను వెనక్కి లాక్కుని, పొటాషియం, బైకార్బనేట్‌లను కలుపుతాయి. ఆ నాళాల గోడలు నీటిని దాటనివ్వవు కాబట్టి నోట్లోకి వచ్చేసరికి ఉమ్మి చప్పబడుతుంది. నాలుక మీద ఎప్పుడూ ఉప్పు నీరే ఉంటే కూరలో ఉప్పు తగ్గినా తెలిసేది కాదు. ప్రవాహం ఎక్కువైతే నాళాలకు తీరిక చాలదు, సోడియం ఎక్కువగా మిగిలిపోతుంది. బైకార్బనేట్ కూడా పెరుగుతుంది, అందువల్ల నోట్లోని ఆమ్లం చప్పున విరుగుతుంది. పంటి ఎనామెల్ సుమారు 5.5 పీహెచ్ కంటే దిగితే కరగడం మొదలవుతుంది. పులుపు తినే నోటికి పులుపే కొంత రక్షణ తెచ్చుకుంటుందన్నమాట.

భయంలో జరిగేది

సింపథెటిక్ ఆపడం లేదు సరే, మరి భయపడితే నోరెందుకు ఎండుతుంది? జవాబు గ్రంథిలో లేదు, మెదడు కాండంలో ఉంది. లాలాజల కేంద్రాలకు నాలుక నుంచే కాదు, మెదడులో పైనున్న హైపోథాలమస్, అమిగ్డలా, కార్టెక్స్ అనే భాగాల నుంచి కూడా తంతువులు వస్తాయి. వాటిలో అణచివేసేవీ ఉన్నాయి. భయం, తీవ్రమైన ఆందోళన కలిగినప్పుడు ఆ కేంద్రాల్లోని నాడీకణాల జోరు తగ్గుతుంది. పారాసింపథెటిక్ నరంలో కబురే తగ్గిపోతుంది. నరం మాట్లాడకపోతే ఎసిటైల్‌కోలిన్ లేదు, కాల్షియం లేదు, నీరు లేదు. సింపథెటిక్ మాత్రం పనిచేస్తూనే ఉంటుంది, రేణువులు పగులుతూనే ఉంటాయి. నీరు తగ్గి ప్రొటీన్ నిలవడంతో మిగిలిన కాస్త ఉమ్మి జిగటగా మారుతుంది. ఇంటర్వ్యూ గది బయట కూర్చున్నవాళ్లకు నాలుక అంగిటికి అతుక్కుపోయేది అందుకే. దానికి తోడు ఆయాసంతో నోటితో గాలి పీలుస్తాం, ఉన్న తడి కూడా ఆరిపోతుంది. తిరుపతి ఎండాకాలంలో, 40 డిగ్రీలు దాటిన మధ్యాహ్నం, ఒంట్లో నీరు తగ్గడం కూడా కలుస్తుంది. కాబట్టి గొంతు తడారిపోయిన ప్రతిసారీ నెపం భయం మీదికే నెట్టడం కుదరదు.

సింపథెటిక్‌కు రక్తనాళాలను ముడిచే తంతువులు కూడా ఉన్నాయి. పాత అపోహకు మూలం బహుశా ఇదే. నాళాలు ముడుచుకుంటే రక్తం తగ్గుతుంది, రక్తం తగ్గితే ఉమ్మి తగ్గుతుందని లెక్కగట్టారు. అయితే నాళాలను ముడిచే తంతువులూ కణాలను స్రవింపజేసే తంతువులూ వేరువేరు. భోజన సమయంలో లేచేవి రెండో రకం. నిజానికి అప్పుడు పారాసింపథెటిక్ నరాలు వదిలే వీఐపీ అనే చిన్న ప్రొటీన్ లాంటి పదార్థాల వల్ల గ్రంథిలో రక్తప్రవాహం పెరుగుతుంది.

రక్తమూ ఉమ్మీ ఒకటి కాదని తేల్చిన ప్రయోగాలు పందొమ్మిదో శతాబ్దానివి. 1851లో జర్మన్ శాస్త్రవేత్త కార్ల్ లుడ్విగ్ కుక్క గ్రంథికి వెళ్లే నరాన్ని విద్యుత్తుతో ప్రేరేపించి, నాళంలో ఉమ్మి ఒత్తిడి ధమనిలోని రక్తపు ఒత్తిడిని మించిపోవడం చూపాడు. ఉమ్మి రక్తంలోంచి వడపోతగా దిగేదే అయితే అలా జరగదు, కణమే దాన్ని బయటికి తోస్తోంది. తర్వాత ఫ్రాన్స్‌లో క్లాడ్ బెర్నార్డ్ అదే నరాన్ని ప్రేరేపిస్తే గ్రంథిలోంచి బయటికొచ్చే సిరరక్తం ఎర్రగా, ధారగా మారడం గమనించాడు. అంటే నాళాలు విప్పారుతున్నాయి. 1872లో జర్మన్ శాస్త్రవేత్త హైడెన్‌హైన్ ఈ రెండింటినీ విడదీశాడు. ఎసిటైల్‌కోలిన్ గ్రాహకాన్ని మూసేసే ఎట్రోపిన్ అనే మందు ఇచ్చి నరాన్ని ప్రేరేపిస్తే ఉమ్మి ఆగిపోయింది, రక్తప్రవాహం మాత్రం పెరుగుతూనే ఉంది. ఒకే నరం, రెండు పనులు, మందు ఒకదాన్నే ఆపింది. రక్తం పారినంత మాత్రాన ఉమ్మి ఊరదని ఆ ఒక్క ప్రయోగంతో తేలిపోయింది. అయినా పట్టికలు అలాగే ఉండిపోయాయి.

ఈ సందర్భంలో ధర్మశాస్త్రాలు చెప్పిన దివ్యపరీక్షల్లో తండులం కూడా గుర్తుకు రాక మానదు. దొంగతనం అనుమానం ఉన్నవాడి చేత బియ్యపు గింజలు నమిలించి, ఆకు మీద ఉమ్మించేవారు. ఉమ్మిలో రక్తం కనిపించినా, ఒళ్లు వణికినా దోషి అని తేల్చేవారు. భయంతో ఎండిన నోట్లో పొడి బియ్యం చిగుళ్లను గీరడానికి అవకాశం ఉంది నిజమే. కానీ నోరు ఎండేది నేరానికి కాదు, భయానికి. పది మంది ముందు నిలబెట్టిన నిర్దోషికీ అదే కేంద్రం, అదే అణచివేత. ఇప్పుడు ఉమ్మిలో ఎమైలేజ్ కొలిచి టెన్షన్ ఎంతో చెప్పేస్తామనే కిట్ల విషయంలోనూ అదే జాగ్రత్త అవసరం. ఒత్తిడిలో, వ్యాయామంలో ఎమైలేజ్ పెరగడం నిజం. కానీ దాన్ని పారాసింపథెటిక్ కూడా కొంత వదిలిస్తుంది, ఉమ్మి ప్రవాహం మారితే అంకె కూడా మారుతుంది. ఒక్క అంకెతో మనసు చదివామనడం అతిశయోక్తే.

ఉమ్మెత్త, వక్క, పురుగుమందు

ఎసిటైల్‌కోలిన్ గ్రాహకాన్ని మూసేసే ఎట్రోపిన్ రకం పదార్థాలు మన రోడ్ల పక్కన పెరిగే ఉమ్మెత్తలోనే ఉన్నాయి. ఉమ్మెత్త గింజలు తిన్నవాళ్లకు నోరు పూర్తిగా ఎండిపోతుంది, కంటిపాపలు పెద్దవవుతాయి, ఒళ్లు వేడెక్కుతుంది, మతి తప్పుతుంది. దానికి సరిగ్గా ఎదురు నిలిచేది బ్రెజిల్ జాబరాండి ఆకుల్లోని పైలోకార్పిన్. 1878లో కేంబ్రిడ్జిలో జాన్ లాంగ్లీ పిల్లుల ఉమ్మి మీద ఈ రెండింటినీ ఒకదాని మీద ఒకటి వేసి చూశాడు. ఏది ఎక్కువుంటే దానిదే పైచేయి అవుతోందని గమనించి, రెండూ కణంలోని ఒకే పదార్థానికి అంటుకుంటూ ఉండాలని ఊహించాడు. మందులు గ్రాహకాల మీద పనిచేస్తాయన్న ఆలోచనకు తొలి మొలక అదే. స్వయంచోదిత నాడీ వ్యవస్థకు ఇంగ్లిష్‌లో ఈనాటి పేరు పెట్టిందీ ఆయనే, 1898లో.

పైలోకార్పిన్‌కు మన దగ్గరి బంధువు తాంబూలంలోని వక్క. అందులోని అరెకోలిన్ కూడా మస్కరినిక్ గ్రాహకాలనే లేపుతుంది. వక్కాకు నమిలేవాళ్లు పదే పదే ఉమ్మాల్సి రావడానికి నమలడం ఒక్కటే కారణం కాదు. అయితే నోరు ఎండుతోందని వక్క వేసుకోవడం మందు కాదు. వక్కను క్యాన్సర్ కారకంగా ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం 2004లోనే తేల్చింది. నోరు గట్టిపడి తెరుచుకోకుండా పోయే జబ్బుకూ అదే మూలం.

మామిడి, టమాటా తోటల్లో మందు కొట్టే రైతు ఇంట తెలిసుండాల్సిన సంగతి మరొకటి. ఆర్గానోఫాస్ఫేట్ రకం పురుగుమందులు ఎసిటైల్‌కోలిన్‌ను విరగ్గొట్టే ఎంజైమ్‌ను పనిచేయనివ్వవు. వాడేసిన ఎసిటైల్‌కోలిన్ పోగుపడుతుంది, గ్రాహకం మీద మోత ఆగదు. నోటి నుంచి చొంగ, నురగ, చెమట, వాంతులు, సన్నబడిన కంటిపాపలు, ఊపిరితిత్తుల్లో నీరు. ప్రాణం తీసేది ఆ చివరిది. ఆస్పత్రిలో ఎట్రోపిన్‌ను మళ్లీ మళ్లీ రెట్టిస్తూ ఎక్కించేది ఊపిరితిత్తుల్లో గరగర పోయేదాకా. ఉమ్మెత్తలోని విషమే ఇక్కడ ప్రాణదాత. నాగుపాము కాటుకు నియోస్టిగ్మిన్ ఇచ్చే ముందు ఎట్రోపిన్ వేయడం వెనకా ఇదే లెక్క ఉంది. నియోస్టిగ్మిన్ కూడా ఎసిటైల్‌కోలిన్‌ను పోగుచేసేదే.

ఇంత పెద్ద విషయాలు కాకుండా, ఇంటింటా కనిపించేది మాత్రల సంగతి. జలుబు మాత్రల్లో ఉండే క్లోర్‌ఫెనిరమిన్, నిద్రకూ నరాల నొప్పికీ ఇచ్చే ఎమిట్రిప్టిలిన్, మూత్రం ఆపుకోలేనివారికి ఇచ్చే ఆక్సీబ్యుటినిన్, ఇవన్నీ ఎంతో కొంత ఎట్రోపిన్ పనే చేస్తాయి. బీపీకి వాడే క్లోనిడిన్ మెదడు స్థాయిలోనే ఉమ్మిని తగ్గిస్తుంది. పెద్ద వయసువాళ్లు వీటిలో రెండు మూడు కలిపి వేసుకుంటూ, షుగర్ కూడా ఉంటే, అన్నం ముద్ద నోట్లోనే తిరుగుతోందని, మింగడానికి ప్రతి ముద్దకూ నీళ్లు కావాల్సి వస్తోందని అంటారు. వయసుకు అంతేలే అని వదిలేయకుండా మందుల చీటీ డాక్టరు ముందు పెట్టడం మేలు. చాలాసార్లు కారణం గ్రంథిలో ఉండదు, చీటీలో ఉంటుంది. చొంగ విషయంలో దీనికి తిరగేసిన పొరపాటు జరుగుతుంది. పార్కిన్‌సన్స్ ఉన్నవాళ్లకు చొంగ కారితే ఉమ్మి ఎక్కువైందనుకుంటారు. అక్కడ అసలు లోపం మింగడం తగ్గడం.

నరం తెగితే

గ్రంథి కణానికి నరం ఇచ్చేది ఆ పూట ఆజ్ఞ మాత్రమే కాదు. పారాసింపథెటిక్ నరం తెగితే గ్రంథి క్రమంగా చిక్కిపోతుంది. ఎలుకలకు గట్టి తిండి మాన్పించి ద్రవాహారమే పెడితే, నరం చెక్కుచెదరకపోయినా, నమలడం లేక కబుర్లు తగ్గి పెరోటిడ్ బరువు పడిపోతుంది. తిరిగి గట్టి తిండి పెడితే మళ్లీ పెరుగుతుంది.

తెగిన నరం మళ్లీ మొలిచేటప్పుడు దారి తప్పడం ఇంకా విచిత్రం. పెరోటిడ్ గడ్డ తీసేసిన కొందరికి, కొన్ని నెలల తర్వాత, అన్నం తింటుంటే చెంప మీద చెమట పట్టి ఎర్రబడుతుంది. పోలండ్‌కు చెందిన నరాల వైద్యురాలు లూచ్యా ఫ్రై 1923లో దీన్ని వివరంగా రాశారు. గ్రంథికి వెళ్లాల్సిన పారాసింపథెటిక్ తంతువులు చర్మంలోకి మొలిచి చెమట గ్రంథులను పట్టుకుంటాయి. చెమట గ్రంథులను నడిపేది సింపథెటిక్ నరమే అయినా, అక్కడ మాత్రం అది వదిలేది ఎసిటైల్‌కోలిన్. భాష ఒకటే కావడంతో కొత్తగా వచ్చిన నరం మాటను చెమట గ్రంథి ఇట్టే అర్థం చేసుకుంటుంది. ముఖ పక్షవాతం నుంచి కోలుకున్న కొందరికి భోంచేస్తుంటే కంట నీరు కారేదీ ఇలాంటి దారితప్పిన మొలక వల్లనే.

మెడ, తల క్యాన్సర్లకు రేడియేషన్ తీసుకున్నవాళ్ల సమస్య వేరు. నరం బాగానే ఉంటుంది, వినే ఏసినస్ కణాలే మిగలవు. పైలోకార్పిన్ మాత్రను అమెరికాలో ఇలాంటివారి కోసం 1994లో అనుమతించారు. కానీ అది మిగిలి ఉన్న కణాలను మాత్రమే లేపగలదు, పైగా చెమట, మాటిమాటికీ మూత్రం వెంట తెస్తుంది. అందుకే కొందరు పరిశోధకులు నరాన్నీ ఏసినస్‌నూ పక్కనబెట్టి నాళాల కణాల మీద పడ్డారు. రేడియేషన్ తర్వాత ఎక్కువగా మిగిలేవి అవే, కానీ వాటికి నీటి ద్వారాలు లేవు. ఆక్వాపోరిన్-1 జన్యువును వైరస్‌లో పెట్టి, బుగ్గ లోపల తెరుచుకునే పెరోటిడ్ నాళంలోకి వెనక్కి ఎక్కించారు. 2012లో వెలువడిన ఫలితాల ప్రకారం 11 మందిలో 6 గురికి ఉమ్మి పెరిగింది, వాళ్లలో 5 గురికి నోటి పొడి తగ్గినట్టు తెలిసింది. తర్వాత వేరే రకం వైరస్‌తో తదుపరి పరీక్షలు మొదలయ్యాయి.

అది అందుబాటులోకి వచ్చేదాకా ఉన్న మార్గాలు చిన్నవే. గుక్క గుక్కగా నీళ్లు తాగడం, చక్కెర లేని చూయింగ్ గమ్ నమిలి కొంతైనా ఉమ్మి ఊరేలా చూసుకోవడం, ఫ్లోరైడ్ పేస్టు వాడడం. ఉమ్మి బాగా తగ్గినవాళ్లు ఊరుతుంది కదా అని నిమ్మకాయో చింతపండో చప్పరిస్తూ కూర్చోకూడదు. వాళ్ల నోట్లో ఆ ఆమ్లాన్ని విరిచే బైకార్బనేట్ వరద రాదు, పళ్లు అరిగిపోతాయి.